మా అత్తగారి గాలి లెక్క

మా అత్తగారు పోయిన కబురు నాకు పెట్రోలు బంకులో తెలిసింది. పొద్దున్న ఏడు కావస్తోంది. ఆస్పత్రి నుంచి ఆవిడను ఆ రోజే ఇంటికి పంపుతామన్నారు. ఆవిడ, మా ఆయన, మా బావగారు, మా అమ్మాయి, నేను, పైన మూడు వారాల ఆస్పత్రి సామాను. వచ్చేటప్పుడు కారు నిండుతుంది కదా అని ఢిల్లీ మయూర్ విహార్‌లో మా ఇంటి పక్కనే ఉన్న బంకుకు వచ్చి, ముందు చక్రాలకు ముప్ఫై అయిదు, వెనక చక్రాలకు నలభై పెట్టమని గాలి నింపే అతనికి చెప్పాను. అతను ముందువి ముగిస్తుండగా ఫోను మోగింది. ఆస్పత్రిలో ఉన్న మా ఆయన "అమ్మ పోయింది" అన్నారు. ఇంతలో గాలి అతను పైపు పట్టుకుని వెనక్కి వస్తూ, "పీఛే కిత్నా బోలా, మేడమ్?" అని అడిగాడు. వెనకవాటికి ఎంత చెప్పానో నాకు గుర్తు రాలేదు.

అత్తగారి గురించి రాస్తూ టైర్లతో మొదలుపెట్టిందేమిటి ఈవిడ అనుకుంటారేమో. ఇంకోలా మొదలుపెట్టడం నాకు చేతకాదు. ఎనభై ఒక్క ఏళ్ళ జీవితంలో మా అత్తగారు ఒక్కసారి కూడా స్టీరింగు పట్టుకోలేదు. అయినా మా ఇంట్లో లైసెన్సులున్న ముగ్గురిలో ఏ ఒక్కరికీ తట్టని సంగతి ఆవిడకు తట్టింది. దాంతో నేను ఓడిపోయాననుకున్న కేసును ఆవిడ వాదించి గెలిపించారు. కాబట్టి ఇది కన్నీళ్ళ వ్యాసం కాదు. ఏడవాల్సినంత ఏడ్చాను. ఇప్పుడు మా అత్తగారి గొప్పలు చెప్పుకుంటాను, మీరు వినాలి.

ఆవిడ నలభై ఏళ్ళ కింద తూర్పు గోదావరి నుంచి ఢిల్లీ వచ్చారు. మామగారు కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా. ఢిల్లీలో ప్రభుత్వోద్యోగి ఇల్లంటే మన వాళ్ళందరికీ సత్రమేనన్న సంగతి ఇక్కడున్న తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. పెద్దాస్పత్రిలో చూపించుకోవడానికి వచ్చేవాళ్ళు, కరోల్ బాగ్‌లో కోచింగుకు వచ్చేవాళ్ళు, తాజ్ మహల్ చూడ్డానికి వచ్చేవాళ్ళు, అందరూ ఆ రెండు గదుల క్వార్టర్లోనే దిగేవారు. అందుకని ఆవిడకు లేవగానే ఒక అలవాటు. ఎదురుపడ్డ మొదటి మనిషిని "ఇవాళ ఎంతమందిమి?" అని అడిగేవారు. జవాబు వచ్చాకే బియ్యం డబ్బా మూత తీసేవారు. మామగారు పోయి, ఇల్లు మారి, చుట్టాలు హోటళ్ళలో దిగడం మొదలుపెట్టాక కూడా ఆ ప్రశ్న పోలేదు. ఇంట్లో ఉన్నది నలుగురమేనని తెలిసినా అడిగేవారు. పెళ్ళయిన కొత్తలో నాకు అది చాదస్తంగా కనిపించేది. "తలలు లెక్కపెట్టకుండా ఏదీ పొయ్యకూడదమ్మాయ్" అనేవారు ఆవిడ, నా మొహం చూసి.

ఇక నా సంగతి. నలభై ఒకటో ఏట, మూడోసారి పరీక్షకు వెళ్ళి, డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకున్నాను. సరదాకు కాదు. మా ఆఫీసును మెట్రో పక్కనున్న భవనం నుంచి గ్రేటర్ నోయిడా అవతలికి మార్చారు. మా ఆయన మెట్రోలో వెళ్ళిపోతారు కాబట్టి కారు నాకు వచ్చింది. నాలుగు నెలలు మహారాణిలా తిరిగాను. జులైలో ఒక సాయంత్రం, మా అమ్మాయిని ట్యూషను నుంచి తీసుకొస్తుంటే వాన పట్టుకుంది. నోయిడా నుంచి వచ్చే ఫ్లైఓవరు దిగుతున్నాను. ముందు ఆటో ఆగింది. నేను బ్రేకు తొక్కాను. కారు ఆగలేదు. నున్నటి గచ్చు మీద చెంబు జారినట్టు జారి, అడ్డంగా తిరిగి, డివైడరును కొట్టుకుని నిలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వెనక సీట్లో మా అమ్మాయి "మమ్మా, క్యా హువా?" అని ఒక్కసారి అడిగి ఊరుకుంది. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ ఆదివారం కుటుంబ సభ జరిగింది. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ద్వారక నుంచి వచ్చారు. ఇంజనీరింగు చదివి, ప్రభుత్వంలో పెద్ద హోదాలో పనిచేస్తున్న మనిషి. మంచివారే. కానీ ఆయన మాట్లాడితే ఫైలు మీద సంతకం పడ్డట్టే. "చూడమ్మా, కొందరికి డ్రైవింగ్ రాదు. రిఫ్లెక్సెస్ ఉండాలి. పిల్ల ఉంది వెనక సీట్లో. ఇంక వదిలెయ్" అన్నారు. మా ఆయన తాళం చెవి తీసి జేబులో వేసుకున్నారు, అంతే. ఆ తర్వాత మూడు నెలలు ఈ-రిక్షా, మెట్రో, షేర్ ఆటో కలిపి పోనూ రానూ అయిదు గంటలు పట్టేది. దానికి నేనేమీ బాధపడలేదు. నా బాధ వేరు. నా చేతుల వల్ల నా బిడ్డ ప్రాణం మీదికి వచ్చిందని నేను నమ్మేశాను. రోడ్డు దాటేటప్పుడు కూడా దాని చెయ్యి పట్టుకోవడానికి భయమేసేది.

అత్తగారు ఆ సభలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. బజ్జీలు వేస్తూ కూర్చున్నారు. ఆవిడ కూడా నన్నే తప్పు పడుతున్నారనుకున్నాను.

దసరా రోజుల్లో ఒక పొద్దున్న ఆవిడా, మా ఆయనా, మా అమ్మాయీ గుడికి బయలుదేరారు. డ్రైవరు పక్క తలుపు తెరిచి ఉంది. మా ఆయన ఫోను మరిచిపోయి పైకి వెళ్ళారు. ఆవిడ ఊరికే నిలబడక, తలుపు మూసుకునే చోట, కారు ఒంటికి అంటించిన చిన్న చీటీ ఒకటి చూశారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. కానీ ఆ చీటీ మీద బొమ్మలున్నాయి. ఒక గడిలో మూడు మనిషి తలకాయలు. ఇంకో గడిలో అయిదు తలకాయలు, పక్కన ఒక పెట్టె. వాటి కింద అంకెలు. మనవరాల్ని పిలిచి ఇదేమిటే అని అడిగారు.

"నానమ్మా, టైర్ ప్రెషర్ హై. తీన్ లోగ్ హైఁ తో థర్టీ త్రీ. పాంచ్ లోగ్, ప్లస్ సామాన్, తో పీఛే ఫార్టీ." ముగ్గురుంటే ముప్ఫై మూడు, అయిదుగురూ సామానూ ఉంటే వెనక నలభై అని.

"అచ్ఛా! అంటే గాలి కూడా మనుషుల్ని బట్టేనా?"

"హాఁ, షాయద్," అంది, అయ్యుండొచ్చని.

"మరి మీ నాన్న ఎంతమందికి పోయించాడే?"

ఆ ప్రశ్నకు జవాబు కోసం ఆవిడ వారం రోజులు ఎవరికీ చెప్పకుండా పనిచేశారు. జాకెట్టు గుడ్డలు కొనాలనే వంకతో మనవరాల్ని తీసుకుని మెట్రోలో కరోల్ బాగ్ వెళ్ళి, కార్ల సామాన్లమ్మే వీధిలో గాలి కొలిచే గేజీ ఒకటి కొన్నారు. పెన్ను పొడుగున ఉంటుంది. టైరు ముక్కుకు నొక్కిపెడితే వెనక నుంచి అంకెలున్న పుల్ల బయటికి వస్తుంది. ఎప్పుడు కొలవాలో కూడా దుకాణం అతన్ని అడిగి తెలుసుకున్నారు. కారు కదలకముందు, పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు. "పరిగెత్తి వచ్చినవాణ్ణి ఆపి అడిగితే ఆయాసమే చెబుతాడు. తిరిగొచ్చిన టైరూ అంతే" అని తర్వాత నాకు వివరించారు.

మళ్ళీ ఆదివారం బావగారు వచ్చి మా ఇంట్లోనే పడుకున్నారు. సోమవారం పొద్దున్న ఆరింటికి ఆవిడ కొడుకులిద్దర్నీ లేపి, లుంగీల మీదే కిందికి తీసుకొచ్చారు. నన్నూ రమ్మన్నారు. చీర కొంగు నడుముకు దోపుకుని, పీట వేసుకుని, చక్రం పక్కన కూర్చుని నాలుగూ కొలిచారు. నలభై నాలుగు, నలభై నాలుగు, నలభై మూడు, నలభై నాలుగు.

"ఇంతేనా ఉండాల్సింది?" అని పెద్దకొడుకును అడిగారు.

"అవునమ్మా. నేనే చెప్పాను వాడికి, ఎప్పుడూ ఇంతే పెట్టించమని. ఇదుగో, టైరు మీదే రాసుంది చూడు. మాక్స్, నలభై నాలుగు."

"మాక్స్ అంటే ఏంట్రా?"

"అంటే... గరిష్ఠం."

"గరిష్ఠం అంటే అంతకు మించకూడదని కదా? అంత ఉండాలనా?"

బావగారు టైరు మీది అక్షరాలు మళ్ళీ చదువుకున్నారు. ఇది మా కుటుంబం మాత్రమే చేయగల తప్పని నాకు అప్పుడు అర్థమైంది. మూడు తరాలుగా సర్కారు కొలువు. ఏడాదికి గరిష్ఠంగా ఇన్ని సెలవులని రాసుంటే, ఒక్కటి మిగిల్చినా అది అవమానం. పైహద్దు కనిపిస్తే చాలు, అది మా హక్కని అక్కడిదాకా వెళ్ళి కూర్చుంటాం. ఆ అంకె టైరు చేసినవాళ్ళు పెట్టిన పైహద్దు. కారుకు ఎంత కావాలో కారు చేసినవాళ్ళు తలుపు దగ్గర రాశారు. మేము అటు చూడలేదు.

"ఇప్పుడు ఈ చీటీ చదువు. నాకు ఇంగ్లీషు రాదుగా" అన్నారు ఆవిడ. ఆయన వంగి చదివారు. ముగ్గురికి ముప్ఫై మూడు.

"ఆ రోజు కార్లో ఎంతమంది ఉన్నారు?"

"ఇద్దరు."

"ఇద్దరు మనుషులకి, నలభై నాలుగు గాలి. బండి బంతిలా బిగుసుకుపోయుంటే తడి రోడ్డును ఏం పట్టుకుంటుందిరా? రిఫ్లెక్సులు లేవన్నావు పిల్లని. గాలి కొట్టించిందెవరు?"

పాలవాడు సైకిలాపి చూస్తున్నాడు. నేను ఆ పార్కింగులోనే, అందరి ముందూ, వెక్కి వెక్కి ఏడ్చాను. మూడు నెలల బరువు అది.

ఆవిడ నన్ను ఓదార్చలేదు. నా వైపు తిరిగి, "నువ్వు కూడా ఆటో మరీ దగ్గరికొచ్చేదాకా ఆగి, ఒక్కసారిగా తొక్కావంట. పిల్ల చెప్పింది. సగం వీళ్ళది, సగం నీది. వీళ్ళ సగం ఇవాళ దించేస్తారు. నీ సగం నువ్వు దిద్దుకో" అన్నారు. ఆ మాటకు నేను ఆవిడకు జీవితాంతం రుణపడి ఉంటాను. అసలు తప్పే లేదని చెప్పి ఉంటే, ఆవిడ ముద్దుకొద్దీ అంటున్నారనుకుని నేను నమ్మేదాన్ని కాదు. సగం అన్నారు కాబట్టి నమ్మాను. తాళం చెవి ఆ పొద్దున్నే నా చేతికి వచ్చింది.

ఆ చలికాలమంతా రోజూ ఆరున్నరకు ఆవిడ నా పక్క సీట్లో కూర్చునేవారు. శాలువా, మంకీ టోపీ, ఒళ్ళో గేజీ. ముందు గాలి, తర్వాత డ్రైవింగు. చలికి టైర్లలో గాలి తగ్గుతుందని మేము జనవరిలో కనుక్కున్నాం. ఎవరూ తీయకుండానే ముప్ఫై మూడు ముప్ఫై అయింది. వాల్వు కారుతోందేమోనని ముందు కంగారుపడ్డాం. తర్వాత ఆవిడే, "మనకే వేళ్ళు ముడుచుకుపోతున్నాయి, దానికి ఉండదా?" అని తేల్చేశారు. యమున ఒడ్డున ఖాళీ రోడ్డు మీద, "అదుగో, ఆ స్తంభం దగ్గర ఆగాలి. ఇప్పట్నుంచే తొక్కు. మెల్లిగా, మెల్లిగా" అని నేర్పేవారు. స్తంభం దాటితే ఏమీ అనేవారు కాదు, "మళ్ళీ" అనేవారు. నాకు చదువు చెప్పిన వాళ్ళెవరూ ఆ ఓపిక చూపించలేదు.

మా సొసైటీలో ఈ కబురు పాకింది. పొద్దున నడకకు వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే ఆగి, "ఆంటీజీ, మేరీ గాడీ మే కిత్నా?" అని అడిగేవారు. ఆవిడ ఎవరికీ అంకె చెప్పేవారు కాదు. "దర్వాజా ఖోలో, ఫోటో దేఖో, ఆద్మీ గినో" అనేవారు. తలుపు తియ్యి, బొమ్మ చూడు, మనుషుల్ని లెక్కపెట్టు. ఆవిడ హిందీలో నేను విన్న అతి పొడవైన ఉపన్యాసం అదే. బంకులో వచ్చిన ప్రతి బండికీ ముప్ఫై అయిదు కొట్టి పంపే అతను కూడా, మా సొసైటీ కార్లు వస్తే ఎంతమందని అడగడం మొదలుపెట్టాడు.

ఆ పై ఏడు ఆగస్టులో రాజమండ్రి నుంచి ఆవిడ చెల్లెలు, మరిదిగారు, వాళ్ళ కొడుకూ కోడలూ వచ్చారు. ఆగ్రా ప్రయాణం కట్టారు. రెండు కార్లు. నా డివైడరు కథ రాజమండ్రి దాకా వెళ్ళినట్టుంది, నలుగురూ పెట్టెలతో సహా వెళ్ళి బావగారి కార్లో ఇరుక్కున్నారు. నా కార్లో నేను, అత్తగారు, మా ఆయన. మా అమ్మాయి పరీక్షలని రాలేదు. "మూడు తలకాయలు. బొమ్మలో ఉన్నట్టే" అని ఆవిడ ముందు సీట్లో హాయిగా కాళ్ళు చాపుకున్నారు.

దారిలో టిఫినుకు ఆగితే, ఆ కారు దిగిన నలుగురూ తెల్లమొహాలు వేసుకున్నారు. వెనక భాగం ఊగిపోతోందట, కడుపులో తిప్పుతోందట. అత్తగారు టైరు పక్కన చెయ్యి పెట్టి చూసి, చురుక్కుమంటే వెనక్కి తీసుకున్నారు. సంగతేమిటంటే, బావగారు పాఠం నేర్చుకున్నారు, కానీ సగమే నేర్చుకున్నారు. వాళ్ళ చీటీలోనూ తేలిక బరువుకు ముప్ఫై మూడే. అది చూసుకుని పెట్టించేశారు. అయిదుగురు మనుషుల్నీ, నాలుగు పెట్టెల్నీ లెక్కలో వేసుకోలేదు.

"గాలి సరిగ్గానే ఉందిరా. మనుషులే ఎక్కువయ్యారు" అన్నారు ఆవిడ. తన మరిదిగారినీ, వాళ్ళ కోడలినీ, రెండు పెట్టెల్నీ మా కార్లోకి మార్చారు. బావగారి కారు బొమ్మకు సరిపోయింది. ఇప్పుడు మాది అయిదైంది. పక్కనే గాలి మిషనుంది. వేడి మీద అసలు అంకె దొరకదు కాబట్టి, ఎంతున్నా సరే, ముందు రెండు, వెనక ఏడు కలపమన్నారు. ముప్ఫై మూడుకూ, చీటీలో అయిదుగురికి రాసిన ముప్ఫై అయిదు, నలభైలకూ తేడా అంతే. చెల్లెలు గారు కూడా మా కార్లోకి వస్తానని పేచీ పెట్టారు. "బొమ్మలో అయిదుగురేనే! నిన్నెక్కించుకుంటే ఎవర్ని దింపను?" అని ఆవిడ తలుపు వేసేసుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు నోయిడా దగ్గర వాన మొదలైంది. చిన్న వాన కాదు. వైపర్లు తుడుస్తున్నా అద్దంలోంచి ఏమీ కనిపించనంత వాన. ముందు అదే ఫ్లైఓవరు. ఫోను మోగింది. స్పీకరులో బావగారి గొంతు: "చూడమ్మా, పక్కకు ఆపు. తమ్ముడికివ్వు స్టీరింగు."

మా ఆయన వెనక నుంచి, "ఇస్తావా?" అన్నారు, మెల్లిగా.

నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు. రోడ్డు కేసే చూస్తూ, ఫోనుకు జవాబిచ్చారు. "కుదరదురా. పిల్ల బండి నడుపుతోంది, మాట్లాడించకు." ఫోను కట్టేశారు.

ఫ్లైఓవరు దిగుడులో ఎర్ర దీపం పడింది. ముందు బస్సు ఆగింది. నేను చాలా ముందు నుంచే బ్రేకు మీద కాలు పెట్టాను. మెల్లిగా, మెల్లిగా. నాలుగు చక్రాలూ తడి రోడ్డును పట్టుకోవడం నా అరికాలికి తెలిసింది. కారు గీత గీసినట్టు తిన్నగా వెళ్ళి, బస్సుకు రెండు బారల దూరంలో నిలబడింది. వెనక సీట్లో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. నాకు కేక వెయ్యాలనిపించింది, వేశాను కూడా. "చూశారా అత్తయ్యగారూ!" అని అరిచాను. ఆవిడ నా మోకాలి మీద ఒక్క చరుపు చరిచి, "చూశానే! నేను కాక ఇంకెవరు చూస్తారు!" అని నాకంటే గట్టిగా అరిచారు. దీపం పచ్చబడ్డా మేమిద్దరం నవ్వుతూనే ఉన్నాం, వెనక హారన్లు మోగాయి.

ఆ తర్వాత నాలుగేళ్ళు నేను రోజూ ఆఫీసుకు కారులోనే వెళ్ళాను. ఎండలో, మంచులో, వానలో. అత్తగారికి కళ్ళు మసకబారాక గేజీ మీద అంకె నేను చదివి చెప్పేదాన్ని, ఆవిడ తలూపేవారు. ఏ రోజూ నన్ను మెచ్చుకున్నది లేదు. కానీ చెల్లెలితో ఫోనులో, "మా అమ్మాయి నడుపుతుంది, నాకేం భయం?" అంటుండగా ఒకసారి విన్నాను. ఆవిడకు కూతుళ్ళు లేరు. ఆ అమ్మాయి నేనేనని అర్థమై, వంటింట్లోకి వెళ్ళి ఊరికే గిన్నెలు సర్దాను.

దహనం అయిన మూడో రోజున అస్థికలతో హరిద్వార్ వెళ్ళాలి. తెల్లవారుతుండగా అందరం కిందికి దిగాం. బావగారు కుండ పట్టుకుని ముందు నడుస్తున్నారు. ఆయన కారు గేటు దగ్గరే, ముందుకు తిప్పి సిద్ధంగా ఉంది. ఆయన దాని పక్కనుంచి నడుచుకుంటూ నా కారు దగ్గరికి వచ్చారు. ఒక చేత్తో కుండను గుండెకు ఆనించుకుని, రెండో చేత్తో డ్రైవరు తలుపు తీసి పట్టుకున్నారు.

"నువ్వే తీసుకెళ్ళాలమ్మా" అన్నారు. "అమ్మ ఇంకెవరి బండీ ఎక్కదు."

నేను కూర్చున్నాను. ఆయనే తలుపు వేసి, చుట్టూ తిరిగి వచ్చి వెనక సీట్లో కూర్చున్నారు. బండి స్టార్టు చేసి అద్దంలోకి చూశాను. ఎర్రగుడ్డ కట్టిన కుండను బావగారు ఒళ్ళో పెట్టుకున్నారు. బెల్టును తన మీదుగా, కుండ మీదుగా లాగి పెట్టుకుని, సరిగ్గా పడిందో లేదోనని రెండుసార్లు గుంజి చూసుకుంటున్నారు.